వంటింటి టైల్స్ మీది జిడ్డు ఎందుకు మొండికేస్తుంది?

పోపు పెట్టినప్పుడల్లా వేడి నూనె నుంచి కంటికి ఆనని సన్నటి తుంపరలు ఆవిరితో కలిసి పైకి లేస్తాయి. చల్లగా ఉన్న గోడ తగలగానే అవి టైల్స్ మీద పేరుకుంటాయి. ఆ రోజే తుడిస్తే సులువుగా పోయే ఈ నూనె, నెల తిరిగేసరికి గోధుమరంగు జిగురై పీచుతో రుద్దినా కదలదు. ఈ మధ్యలో ఏం జరుగుతుంది?

నూనె ఎండిపోయిందని అనుకుంటాం. కానీ ఆరిపోవడానికి అందులో నీరు లేదు. నూనెలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి, ఒకదానితో ఒకటి బంధాలు ఏర్పరచుకుని వలలా అల్లుకుపోతాయి. దీన్నే పాలిమరీకరణ అంటారు. చిత్రకారులు వాడే అవిసె నూనె రంగులు గట్టిపడేదీ ఇలాగే. స్టవ్ వేడి ఈ చర్యను వేగవంతం చేస్తుంది. పొద్దుతిరుగుడు నూనె త్వరగా జిగురుగా మారుతుంది. సంతృప్త కొవ్వులు ఎక్కువగా ఉండే కొబ్బరినూనెకు ఆ గుణం చాలా తక్కువ.

తాజా జిడ్డుకు గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్లు చాలు. సబ్బు అణువు ఒక కొన నూనెను, మరో కొన నీటిని పట్టుకుని జిడ్డును గోడ నుంచి విడదీస్తుంది. పాత జిడ్డుకు క్షారం కావాలి. అది కొవ్వులోని బంధాలను తెంచి, కొంత భాగాన్ని సబ్బుగానే మారుస్తుంది. వంటసోడా ద్రావణం పీహెచ్ సుమారు 8, చాకలి సోడా ద్రావణానిది సుమారు 11. పీహెచ్ ఒక అంకె పెరిగితే క్షారగుణం 10 రెట్లు పెరుగుతుంది. అంటే ఈ రెండింటి మధ్య తేడా సుమారు 1,000 రెట్లు! అందుకే చాకలి సోడా వాడేటప్పుడు చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. ద్రావణం పూసి 10 నిమిషాలు ఆగండి. బలంగా రుద్దడం కన్నా చర్యకు సమయం ఇవ్వడమే మేలు.

వంటసోడా, వెనిగర్ కలిపి వాడమనే చిట్కా బాగా ప్రచారంలో ఉంది. నిజానికి క్షారం, ఆమ్లం కలిస్తే రెండూ తటస్థమైపోతాయి. పొంగే నురగ కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. ఉప్పునీటి తెల్ల మరకలు చాలావరకు కాల్షియం కార్బనేట్ కాబట్టి, వాటి మీద వెనిగర్ విడిగా పనిచేస్తుంది. అయితే టైల్స్ మధ్య సందుల్లో నింపే సిమెంటును కూడా ఆమ్లం తినేస్తుంది. అందుకే మరక మీద మాత్రమే రాసి, వెంటనే నీళ్లతో కడిగేయాలి. పాలరాయి గోడకైతే అసలే వాడకూడదు. టైల్ పైపూత గాజు లాంటిది. స్టీలు పీచుతో గీతలు పడితే ఆ గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉంది. సందుల్లోని బూజుకు బ్లీచ్ వాడేవారు దానిలో వెనిగర్ గానీ, ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనర్ గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. అలా కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధంగా ప్రయోగించినది ఈ వాయువునే. కిటికీలు మూసి ఉన్న చిన్న వంటగదిలో ఇది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఘాటు వాసన వచ్చి కళ్లు మండితే, ఆ పని వదిలేసి వెంటనే బయటి గాలిలోకి రావాలి. ఊపిరి ఆడకపోతే వైద్యుని వద్దకు వెళ్లాలి.

ఇంత శ్రమ అక్కర్లేకుండా ఉండాలంటే వంట చేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. వంటయ్యాక, స్టవ్ చల్లారాక, సబ్బునీటిలో పిండిన గుడ్డతో గోడను ఒకసారి తుడవండి. నూనె ఇంకా నూనెగా ఉన్నప్పుడే తీసేస్తే ఘాటైన రసాయనాల అవసరమే రాదు.