ముంపునకు గురైన వరిలో ఎథిలీన్ సంకేత ప్రసారం: క్షేత్ర సిఫారసులకు దాని అన్వయం

వరి నీటిని కోరే పంట. అయినప్పటికీ ఆకులతో సహా పూర్తిగా మునిగిన సాధారణ వరి పైరు వారం, పది రోజులకు మించి తట్టుకోవడం కష్టం. ఈ వైరుధ్యానికి మూలం నీరు వాయువులకు కలిగించే అవరోధంలో ఉంది. వాయువులు గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తాయి. అందువల్ల మునిగిన మొక్కకు ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ చాలినంత అందవు. బురద నీటిలో వెలుతురు కూడా తగ్గి కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. మొక్క తన నిల్వ పిండిపదార్థాలతోనే కాలం గడపవలసి వస్తుంది. వరద తీసే నాటికి ఆ నిల్వలలో ఎంత మిగిలిందన్నదానిపైనే పైరు కోలుకోవడం చాలావరకు ఆధారపడుతుంది.

నిల్వలను ఖర్చు చేయాలా, పొదుపు చేయాలా అన్న విషయాన్ని కణం ఏ విధంగా తేల్చుకుంటుంది? దీనిని అర్థం చేసుకోవాలంటే ఎథిలీన్ అనే వాయు హార్మోనుతో ప్రారంభించాలి.

సంకేతం పుట్టుక, ప్రసారం

మొక్క కణాలలో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుండి ఎస్-అడినోసిల్ మిథియోనిన్, దాని నుండి ఎ.సి.సి., చివరకు ఎథిలీన్ ఏర్పడతాయి. ఆరుబయట ఉన్న మొక్కలో ఈ వాయువు ఎప్పటికప్పుడు గాలిలో కలిసిపోతుంది. మునిగిన మొక్కలో అది బయటపడలేక కణజాలంలోనే పేరుకుంటుంది. అంటే ఉత్పత్తి పెరగకపోయినా గాఢత పెరుగుతుంది. ముంపును మొక్క త్వరగా గుర్తించగలగడానికి ఇదే కారణం.

ఎథిలీన్ గ్రాహకాలు అంతర్జీవద్రవ్యజాలపు పొరలో ఉంటాయి. ఎథిలీన్ వాటిలోని రాగి అయానుతో బంధం ఏర్పరచుకుంటుంది. అరాబిడాప్సిస్ మొక్కలో స్పష్టమైన ఈ మార్గానికి వరిలోనూ ప్రతిరూపాలు ఉన్నాయి. ఎథిలీన్ లేనప్పుడు గ్రాహకం చైతన్యవంతంగా ఉండి, సి.టి.ఆర్.1 అనే కైనేజ్ ఎంజైము ద్వారా ఇ.ఐ.ఎన్.2 ప్రోటీనును అణచి ఉంచుతుంది. ఎథిలీన్ చేరగానే గ్రాహకం నిష్క్రియమవుతుంది, అణచివేత తొలగుతుంది, ఇ.ఐ.ఎన్.2 లోని ఒక భాగం తెగి కేంద్రకాన్ని చేరుతుంది. దానితో ఇ.ఐ.ఎన్.3 వంటి అనులేఖన కారకాలు నిలకడ పొంది, ఎథిలీన్‌కు స్పందించే జన్యువులను ప్రేరేపిస్తాయి. ఎథిలీన్ గ్రాహకాన్ని ఉత్తేజపరుస్తుందని విద్యార్థులు తరచు పొరబడతారు. వాస్తవానికి అది తూముకు అడ్డంగా ఉన్న తలుపును ఎత్తుతుంది; తలుపు లేచాక నీరు తానే పారుతుంది.

ఒకే సంకేతం, రెండు స్పందనలు

సాధారణ వరిలో పేరుకున్న ఎథిలీన్ అబ్సిసిక్ ఆమ్లాన్ని తగ్గించి, జిబ్బరెల్లిన్‌కు కణజాలపు స్పందనను పెంచుతుంది. పిండిపదార్థాలు కరిగి ఆకులు, కాండం వేగంగా సాగుతాయి. ఇది నీటి మట్టాన్ని దాటిపోయే ప్రయత్నం. నెలల తరబడి లోతు నీరు నిలిచే ప్రాంతాల వరిలో ఈ స్పందన ప్రాణరక్షకం. 2009లో వెల్లడైన స్నార్కెల్ జన్యువులు అక్కడ పనిచేసేది ఇందుకే. కానీ కొద్ది రోజులలో తీసిపోయే ఆకస్మిక వరదలో ఇదే స్పందన నష్టదాయకం. నీరు తీసే నాటికి మొక్క సన్నగా సాగి, నిల్వలు ఖర్చై, నేలవాలుతుంది.

ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్.13ఎ రకం ఇందుకు భిన్నంగా ప్రవర్తిస్తుంది. దాని ముంపు సహనానికి ఆధారమైన సబ్1ఎ జన్యువును 2006లో గుర్తించారు. తొమ్మిదవ క్రోమోజోముపై ఉన్న ఈ జన్యువును కూడా ప్రేరేపించేది ఎథిలీనే. అయితే ఇది ఎస్.ఎల్.ఆర్.1 వంటి నిరోధక ప్రోటీన్లను పెంచి జిబ్బరెల్లిన్ స్పందనను అదుపు చేస్తుంది. మొక్క సాగదు, నిల్వలను పొదుపు చేసుకుని వేచి ఉంటుంది. స్నార్కెల్, సబ్1ఎ రెండూ ఎథిలీన్ స్పందన కారకాల కుటుంబానికే చెందినవి కావడం గమనించదగినది. మొక్క భవితవ్యాన్ని నిర్ణయించేది సంకేతం ఒక్కటే కాదు. దానిని అందుకునే జన్యువు కూడా.

క్షేత్ర స్థాయిలో అన్వయం

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో రూపొందిన స్వర్ణ (ఎం.టి.యు.7029) తూర్పు భారతమంతటా వ్యాపించిన రకం. మార్కర్ల సహాయంతో పశ్చ సంకరణం ద్వారా సబ్1 ప్రాంతాన్ని ఇందులో చేర్చి రూపొందించిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. ఇది సుమారు రెండు వారాల వరకు పూర్తి ముంపును తట్టుకోగలదు. దీనిని సిఫారసు చేసేటప్పుడు నాలుగు అంశాలను రైతులకు స్పష్టం చేయాలి.

మొదటిది, ముంపు స్వభావం. సబ్1 రకాలు వచ్చి తీసిపోయే వరదకు అనువైనవి. మోకాలి లోతు నీరు వారాల తరబడి నిలిచే పల్లపు చేలలో మొక్క కొంత సాగడమే మేలు. అక్కడ ఈ రకాలకు ప్రత్యేక ప్రయోజనం లేదు.

రెండవది, పైరు దశ. ఈ సహనం శాఖీయ దశకు సంబంధించినది. వెదజల్లిన గింజ నీటి అడుగున మొలకెత్తడం వేరు జన్యువుల లక్షణం. పూత దశలో ముంపు వస్తే సబ్1పై ఆధారపడరాదు.

మూడవది, ముంపునకు ముందు పోషణ. అధిక నత్రజని పొందిన పైరులో ఆకు పెరుగుదల ఎక్కువై నిల్వ పిండిపదార్థాలు తగ్గుతాయి. వరద సూచన ఉన్నప్పుడు పైపాటుగా యూరియా వేయడాన్ని వాయిదా వేయాలి.

నాల్గవది, వరద తీసిన తరువాత యాజమాన్యం. ఒక్కసారిగా గాలి, వెలుతురు తగిలిన కణాలలో చురుకైన ఆక్సిజన్ రూపాలు ఏర్పడి ఆకులను దెబ్బతీస్తాయి. పాలిపోయిన చేనును చూసి రైతు వెంటనే యూరియా చల్లాలనుకుంటాడు. ఆ స్థితిలో మొక్క దానిని సరిగా వినియోగించుకోలేదు. మురుగు నీటిని తీసివేసి, కొత్త ఆకు కనిపించిన తరువాతనే స్థానిక పరిశోధనా స్థానం సూచించిన మోతాదులో నత్రజని, పొటాష్ అందించాలి. పైరును దున్నివేసే నిర్ణయానికి కూడా అంతవరకు ఆగడం మంచిది. మొదలు గట్టిగా ఉండి, మధ్య మొవ్వు పచ్చగా ఉంటే దుబ్బు తిరిగి కోలుకునే అవకాశం ఉంది.

వంగడాన్ని దాని సంకేత వ్యవస్థకు సరిపడని చేనులో వేయించి, విఫలమైన తరువాత రైతు ఆ రకాన్నే నిందిస్తే బాధ్యత సిఫారసు చేసినవారిదే. ముంపు ఎన్ని రోజులు, ఎంత లోతు, ఏ దశలో అన్న మూడు ప్రశ్నలు అడిగిన తరువాతనే విత్తనం పేరు చెప్పడం విస్తరణ శాస్త్రజ్ఞుని కర్తవ్యం.