జిల్లేడు: కీడు మోయు మొక్క

విత్తకుండ, నీరు పోయకుండ పెరుగు మొక్కలలో జిల్లేడు ఒకటి. బీడుభూములందును, పాడుగోడల ప్రక్కలను మొలచును. ఆకు త్రుంచిన తెల్లని పాలు కారును. “నీ యింట జిల్లేళ్లు మొలవ!” అని పల్లెలలో తిట్టుదురు. మనుష్య సంచారము లేని కొంపలోనే అది మొలచునని ఆ తిట్టునకు భావము.

అట్టి మొక్కయే రక్షకూడ నగుట విశేషము. సంస్కృతమున దీనికి అర్కమని పేరు, అర్కుడనగా సూర్యుడు. నవగ్రహ హోమమున సూర్యునకు జిల్లేడు సమిధ, బుధునకు ఉత్తరేణి, శనికి జమ్మి. వినాయక చవితినాటి 21 పత్రులలో అర్కపత్ర మొకటి. మాఘ శుద్ధ సప్తమి, అనగా రథసప్తమి నాడు, ఏడు జిల్లేడాకులను రేగుపండ్లతో తలపై నుంచుకొని స్నానము చేసినచో ఏడు జన్మల పాపములును, రోగములును తొలగునని నమ్మకము. తెల్లజిల్లేడు వేరును వినాయకుని రూపముగా చెక్కి పూజించిన యింటికి దృష్టిదోషము తగులదందురు.

అన్నిటికంటె వింతయైనది అర్కవివాహము. పురుషునకు మూడవ పెండ్లి అచ్చిరాదని, ముందుగా అతనికి జిల్లేడు మొక్కతో పెండ్లి చేయుదురు. పిమ్మట వచ్చు వధువు నాలుగవది యగును; మూడవదాని కీడు మొక్క మోయును. విధిని లెక్కతో ఏమార్చిన పెద్దల గడుసుతనమునకు నవ్వు రాక మానదు.

1903 నుండి 1916 వరకు మద్రాసు రేవునుండి ఫిజీ చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా పోయినవారిలో తెలుగువా రనేకులు. వారి సంతతిలో కొందరు తరువాత కాలిఫోర్నియా చేరిరి. పండుగ వెంట వచ్చినను, మంచునకు తాళని జిల్లేడు అన్నిచోట్లకును రాలేదు. ఇచ్చటి దారుల ప్రక్క కనబడు మిల్క్‌వీడ్ దానికి జ్ఞాతియే గాని జిల్లేడు కాదు. పత్రి దొరకనిచోట అక్షతలు సమర్పించు వాడుక ఉండగా, పేరు తెలియని పాలమొక్కను తలపై పెట్టుకొననేల?

మరొక చెరకుసీమయైన హవాయిలో జిల్లేటిని ముంగిటనే ముచ్చటగా పెంచుదురు. పువ్వు నడుమ కిరీటమువంటి భాగముండుటచే క్రౌన్ ఫ్లవర్ అనియు, హవాయి భాషలో పువా కలౌను అనియు పిలుతురు. 1891 నుండి 1893 వరకు ఏలిన లిలియువొకలాని రాణి దానిని రాజసమునకు గుర్తుగా ఆదరించెను. ఆ పూలను ‘లెయి’ అను దండలుగా గ్రుచ్చుదురు. మోనార్క్ సీతాకోకచిలుక పురుగులు దాని ఆకులను మేసి, అందలి విషమును ఒంట నిలుపుకొని పక్షుల నోట పడకుండ బ్రతుకును. ఈ రక్ష నమ్మకము కాదు, ప్రత్యక్షము.

ఆ విషమును మనమును మరువరాదు. ముల్లు దిగినచోట జిల్లేడు పాలచుక్క వేయుట, ఆముదము రాసి వెచ్చజేసిన ఆకును కీళ్లవాపుపై కట్టుట పల్లెవైద్యము. ఆకు మాట ఎట్లున్నను, పాలు కంట బడినచో నల్లగ్రుడ్డుపై పారదర్శకమైన పొర ఉబ్బి చూపు మసకబారును. పలుమారులు నొప్పి యంతగా నుండదు. అందుచేతనే ఆలస్యము జరుగును. రథసప్తమినాడు తలపై పోసిన నీరు కన్నులలోనికే గదా జారును! కావున పిల్లలకు ఆకులిచ్చు పెద్దలు తొడిమల పాలు పూర్తిగా కారిపోనిచ్చి, ఆకులను బాగుగా కడిగి, తమ చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. కంట బడినచో ఇంటిమందు వేయక, ధారగా మంచినీటితో చాలసేపు కడిగి, నొప్పి లేకున్నను అదేదినమున కంటివైద్యునికి చూపవలెను.