అక్షర రక్షణము

సువర్ణముఖీ నదీతీరమున వెలసిన శ్రీకాళహస్తి క్షేత్రమునకు ఏడంతస్తుల రాజగోపురము శతాబ్దులపాటు ఆనవాలుగా నుండెను. దానిని 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించెను. ఈ సంగతిని లోకమునకు తెలిపినది ఆలయమునందలి శాసనమే. 2010వ సంవత్సరము మే 26వ తేదీ రాత్రి ఆ గోపురము కూలిపోయెను. దాని స్థానమున కట్టిన క్రొత్త గోపురమునకు 2017లో కుంభాభిషేకము జరిగెను. గోపురమును మరల కట్టవచ్చును. కాని శాసనము చెదరినచో దానిని మరల వ్రాయించుటకు రాయలవారు రారుగదా!

రాతిపై చెక్కిన అక్షరము శాశ్వతమని పూర్వులు తలంచిరి. అయినను ఎండవానలకు రాయియు అరుగును. గోడలకు సున్నము పూసినచో అక్షరములు మాటుపడును. అందుచేత పురాతత్త్వ శాఖవారు శాసనములకు నకళ్లు తీయుదురు. మొదట రాతిని శుభ్రముగా కడిగి, తడిపిన కాగితమును దానిపై పరతురు. కుంచెతో మెల్లగా కొట్టగా కాగితము అక్షరముల పల్లములలోనికి దిగును. పిమ్మట సిరా తడిపిన మెత్తతో పైపైన అద్దుదురు. మిట్టలు నల్లబడి, అక్షరములు తెల్లగా తేలును. శ్రీకాళహస్తి శాసనములు పెక్కింటికి ఇరువదవ శతాబ్ది తొలి దశకములలోనే ఇట్టి నకళ్లు తీయబడినవి. రాయి పగిలినను దాని మాట కాగితముపై నిలుచును.

తాళపత్రముల రక్షణము మరింత కష్టము. ధూర్జటి మహాకవి కాలమున గ్రంథములను గంటముతో తాటియాకులపై వ్రాసి, గీతలు కనబడుటకు మసి రుద్దెడివారు. చెదలును తేమయు ఆ ఆకులకు శత్రువులు. కావున ఆకులకు త్రాడు గ్రుచ్చి, చెక్కపలకల నడుమ బిగించి, గుడ్డలో చుట్టి యుంచెడివారు. అయినను కొన్ని తరముల కొకమారు క్రొత్త ఆకులపై తిరిగి వ్రాయకున్నచో గ్రంథము నశించును. 19వ శతాబ్దిలో సి.పి. బ్రౌను పండితులను నియమించి అనేక తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. తిరుమలలో తాళ్లపాక కవుల సంకీర్తనలు వేలకొలదిగా దక్కుటకు వానిని రాగిరేకులపై చెక్కించుటయే కారణము. 1939లో తిరుపతియందు వెలసిన శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థ తాళపత్రములను సేకరించి భద్రపరచెను.

ఇండ్ల అటకలపై నేటికిని పాత దస్తావేజులు, ఉత్తరములు, తాటాకు కట్టలు కలవు. వానిని చెత్తయని పారవేయరాదు. చినిగిన కాగితమునకు జిగురు పట్టీ అంటించుటయు హానికరమే. తేమ తగులని చోట మడతలు లేకుండ నుంచి, ఛాయాచిత్రములు తీసి, తెలిసినవారికి చూపవలెను. వ్రాసినవాడు ఒక్కమారే వ్రాసెను. కాపాడు పని మాత్రము ప్రతి తరమువారిదియును.