మ్రింగుట కష్టమైనవారికి భోజనవిధి

ఆలయానికి వచ్చే కుటుంబాలలో చక్రాల కుర్చీపై పెద్దవారిని తోడ్కొని వచ్చేవారు ఇటీవల తరచుగా కనబడుతున్నారు. పక్షవాతం వచ్చి కొంత కోలుకున్నవారు, కంపవాతం గలవారు, కంఠానికి శస్త్రచికిత్స జరిగినవారు వీరిలో ఉంటారు. దర్శనానంతరం ఇంటివారు తీర్థం అందుకొని, భక్తితో ఆ పెద్దాయన నోటిలో పోస్తారు. ఆయన ఉక్కిరిబిక్కిరై దగ్గుతారు. "పొలమారింది, ఎవరో తలచుకుంటున్నారు" అంటూ మాడు మీద తడతారు. ఆ దగ్గును తేలికగా తీసుకొనరాదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఈ సంగతి నాకు పుస్తకాల వలన తెలిసినది కాదు. మా అన్నగారికి పక్షవాతం వచ్చిన తరువాత, ఒక ఏకాదశినాడు, పడుకొని ఉన్న ఆయనకు నేనే ఉద్ధరిణెతో తులసితీర్థం పోశాను. కొంచెం దగ్గి ఊరకున్నారు. మూడవనాటికి జ్వరం, ఆయాసం. ఊపిరితిత్తులలో నెమ్ము చేరిందన్నారు. ఆసుపత్రిలో మ్రింగుడును పరీక్షించడానికి వచ్చిన అమ్మాయి మా మనుమరాలి ఈడుది. "తాతగారూ, మీరు పోసింది తీర్థమే. కానీ అది కడుపులోకి పోలేదు, ఊపిరి దారిన పోయింది. ఇలాంటివారికి అన్నిటికంటె కష్టం నీళ్ళే" అన్నది. అన్నిటికంటె తేలిక నీరే అని అంతవరకు నేను నమ్మి ఉన్నాను.

కంఠంలో అన్నమార్గం, శ్వాసమార్గం పక్కపక్కనే ఉన్నవి. మ్రింగేటప్పుడు స్వరపేటిక పైకి లేస్తుంది, చిన్న మూత వంటి భాగం శ్వాసద్వారాన్ని కప్పుతుంది, ఊపిరి క్షణకాలం ఆగుతుంది. నరాల బలం తగ్గినవారిలో ఈ మూత పడడం ఆలస్యమవుతుంది. నీరు వేగంగా జారి, ద్వారం మూసుకొనక ముందే అక్కడికి చేరుతుంది. చిక్కని పదార్థం మెల్లగా కదులుతుంది గనుక కొంత వ్యవధి దొరుకుతుంది. కొందరికి దగ్గు కూడా రాదు, అది మరింత ప్రమాదం. భోజనం తరువాత గొంతు తడిగా, గరగరగా వినబడడం, బుగ్గలో ముద్ద మిగిలిపోవడం, బరువు తగ్గడం, జ్వరం మరల మరల రావడం దాని గుర్తులు. ఇవి కనబడితే వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. మ్రింగుడును పరీక్షించేవారు సాధారణంగా స్పీచ్ థెరపిస్టులు. పేరులో మాట ఉన్నా, మ్రింగుడు కూడా వారి విద్యయే. ఎంత చిక్కదనం క్షేమమో వారు నిర్ణయించవలెను. ఆ నిర్ణయానికి తగినట్లు రుచిగా, పుష్టిగా వండడం మాత్రమే మన వంతు.

ఇక్కడ ఒక శాస్త్రవిషయం. ఆయుర్వేదంలో బియ్యానికి 14 రెట్ల నీరు పోసి వండి, మెతుకు లేకుండా వార్చినది మండం. 6 రెట్లతో యవాగువు, 4 రెట్లతో విలేపి. మెతుకులు కొద్దిగా, ద్రవం ఎక్కువగా ఉన్నది పేయ. రోగి అనగానే మన ఇండ్లలో గంజి కాచడం ఈ సంప్రదాయం నుండి వచ్చినదే. నేనూ అన్నగారికి గంజియే పట్టమన్నాను. కానీ శాస్త్రం ఆ క్రమాన్ని జఠరాగ్ని బలాన్ని చూచి చెప్పినది, కంఠబలాన్ని చూచి కాదు. మ్రింగలేనివానికి మండం నీటితో సమానం. పేయ ఇంకా చిక్కు, నోటిలో నీరు ఒక వేగంతో, మెతుకు ఒక వేగంతో పోతాయి. చారన్నం, పలుచని మజ్జిగన్నం, సేమియా పాయసం, సగ్గుబియ్యం పాయసం అన్నిటికీ ఇదే దోషం. విలేపినే మెత్తగా రుబ్బి, కొంచెం నేయి చేర్చితే అది వీరికి దగ్గరగా వస్తుంది. అదే చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో భోజనవిధి చెబుతూ, మరీ త్వరగా తినరాదని, మాటలాడుతూ నవ్వుతూ తినరాదని, అలా తింటే ఆహారం దారి తప్పుతుందని హెచ్చరించారు. ఆ నియమం మాత్రం వీరికి అక్షరాలా వర్తిస్తుంది.

ఇక వంటయింటి సంగతి. బియ్యం, పెసరపప్పు కలిపి మెత్తగా ఉడికించి, వేడి మీదనే మెదిపి, జల్లెడలో రుద్ది తీస్తే ఉండలు ఉండవు. చెంచాలోకి తీస్తే ఆకారం నిలువవలెను, చెంచా వంచితే ముద్దగా జారిపడవలెను. చెంచాకు అంటుకొని వ్రేలాడితే మరీ జిగురు, ధారగా కారితే మరీ పలుచన. ముద్దపప్పు, ఆనపకాయ, గుమ్మడి, తొక్క తీసిన బీరకాయ, బొప్పాయి, గడ్డలు లేకుండా చిలికిన గట్టి పెరుగు అన్నీ అనుకూలమే. రాగిజావ మంచిదే గాని చల్లారినకొద్దీ గట్టిపడుతుంది, తినే వేడిలోనే చిక్కదనం చూచుకొనవలెను. సున్నుండ, పొడి అటుకులు, మరమరాలు, పొడిపొడిగా రాలే ఇడ్లీ, గింజలున్న పండ్లు వద్దు.

తాలింపు మరువరాదు. ఆవగింజ, శనగపప్పు, కరివేపాకు, మిరపముక్క గొంతుకు అడ్డుపడేవే. అలాగని తాలింపు మానివేస్తే పథ్యం చప్పబడి, రోగి నోరు తెరవడు. మా వదినగారు నేతిలో తాలింపు వేయించి, వడగట్టి, ఆ నేతిని మాత్రమే పప్పులో కలిపేవారు. ఇంగువ వాసన, జీలకర్ర కమ్మదనం అందులోనే దిగుతాయి. మరొక సంగతి ఆమె వద్దనే నేర్చాను. కూర, పప్పు, పెరుగు అన్నీ ఒకే ముద్దగా కలిపివేయకుండా పళ్ళెంలో వేరువేరుగా పెట్టేవారు. "మీ అన్నగారు భోజనం చేస్తున్నారు, మందు మ్రింగడం లేదు" అనేవారు.

పలుచని జావలతో కడుపు నిండుతుంది, బలం రాదు. పాలు, పాలపొడి, పెరుగు, పెసరపప్పు చేర్చవలెను. ఒక పెద్ద చెంచా నేయి సుమారు 120 కేలరీలు ఇస్తుంది. మధుమేహం, హృద్రోగం ఉన్నవారు వైద్యుని అడిగి వాడుకోవచ్చు. చిక్కదనం కోసం పిండి కలిపిన జావ తింటూ ఉండగా పలుచబడడం చూచి మేము ఆశ్చర్యపోయాము. నోటిలో తడిసిన చెంచాను మరల గిన్నెలో ముంచినప్పుడు లాలాజలం ఆ పిండిని కరగిస్తుందట. కొంచెం కొంచెంగా చిన్న గిన్నెలోకి వంచుకొని పెట్టడం మేలు. నీరు చిక్కగా చేసి ఇవ్వమని వారు చెబితే అది కూడా రోజంతా గుర్తుపెట్టుకొని ఇవ్వవలెను, లేకుంటే దాహంతో శోషిస్తారు. మాత్రలను మాత్రం వైద్యుని అడగకుండా పొడి చేయరాదు.

పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టవలెను. నిద్రమత్తులో ఉన్నవారికి పెట్టరాదు. అరచెంచా పెట్టి, గొంతు కదలి ముద్ద దిగినదని చూచి, నోరు ఖాళీ అయిన తరువాతే మరొకటి. గడ్డం కొంచెం క్రిందికి వంచడం కొందరికి మేలు చేస్తుంది, అందరికీ కాదు, అదీ వారినే అడగవలెను. భోజనమైన తరువాత అరగంట కూర్చొనియే ఉండవలెను. నోరు, దంతాలు, నాలుక శుభ్రం చేయవలెను. నోటిలోని మలినం ఊపిరితిత్తులలోకి దిగితేనే నెమ్ము ముదురుతుంది.

మరి తీర్థప్రసాదాల మాట ఏమిటి? నిరాకరిస్తే అపచారమని చాలామంది భయపడతారు. ఆచమనానికి నీరు లేనప్పుడు కుడి చెవిని స్పృశించడం మన పెద్దలు అంగీకరించిన ఆచారమే. అశక్తునికి అనుకల్పం ధర్మశాస్త్రంలో ఎల్లప్పుడూ ఉన్నది. కావున తీర్థాన్ని శిరస్సుపై ప్రోక్షించమని అర్చకస్వామిని అడగండి, కళ్ళకు అద్దండి. పులిహోర, దద్ధ్యోదనం, లడ్డు వంటివి చేతికి తాకించి, ఇంటివారు స్వీకరించండి. చక్రపొంగలి అయితే ఇంటికి తీసుకొనిపోయి, జీడిపప్పు, ద్రాక్ష ఏరివేసి, పాలతో మెత్తగా మెదిపి, వారికి చెప్పిన చిక్కదనానికి తెచ్చి పెట్టవచ్చు. అన్నదానానికి ద్రవ్యమిచ్చే దాతలకు ఒక విన్నపం. పంక్తిలో ఒక చిన్న గిన్నెడు మెత్తని పెసరపప్పు అన్నం, తాలింపు గింజలు లేకుండా, ఇటువంటివారికై వేరుగా తీసి ఉంచమని మీ తరఫున చెప్పండి. అడిగేవారు రోజుకు ఇద్దరో ముగ్గురో ఉంటారు.

మా అన్నగారు ఆ తరువాత రెండేండ్లు ఉన్నారు. ఏకాదశినాడు తీర్థం తలపై చల్లితే, కళ్ళు మూసుకొని కుడిచేయి కొంచెం పైకెత్తేవారు. ద్వాదశి పారణకు మా వదినగారు ఆ రుబ్బిన పొంగలినే, నేయి వేసి, చిన్న చెంచాతో పెట్టేవారు.