ఎండలు ముదిరే వేళ పెరటి తోట: సందేహాలు – సమాధానాలు

ఉగాది దాటిందంటే చాలు, పెరడు పాడైపోతోందన్న దిగులుతో ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి రాజుపాలెం, జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు వైపు నుంచి వచ్చినవి కొన్ని తీసుకున్నాను.

ప్రశ్న: మా ఇంటి వెనుక అయిదు సెంట్ల దొడ్డి ఉంది. వేప, కానుగ, కరివేప, సీతాఫలం మేం నాటినవి. మిగతావన్నీ వాటంతటవే మొలిచాయి. ఇప్పుడు నేలంతా ఎండుటాకులు, వేపపూత, కలుపు. "అడవిలా ఉంది, గీకించి తగలబెట్టించు" అని మా అత్తమ్మ రోజూ పోరు పెడుతోంది. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, రాజుపాలెం

జవాబు: తగలబెట్టకండమ్మా. మీది నల్లరేగడి. ఏప్రిల్ వచ్చేసరికి ఆ నేల నోరు తెరుస్తుంది. బీటల్లో పీచువేళ్లు తెగిపోతాయి, అడుగున మిగిలిన కాస్త తడి కూడా ఆవిరైపోతుంది. 42, 43 డిగ్రీల ఎండ నేరుగా నేలను తాకకుండా ఇప్పుడు అడ్డం పడుతున్నవి ఆ ఎండుటాకులే. వాటిని పాదుల్లోకి లాగి బెత్తెడు మందాన పరవండి. కాండానికి మాత్రం జానెడు దూరం వదలాలి, ఆనుకుని ఉంటే చెదలు పడతాయి, మొదలు కుళ్లుతుంది. ఆకు చాలకపోతే మీ ఊళ్లో శనగ పొట్టుకు కరువు లేదు. బీటలు పడిన చోట పైపైన తవ్వి, పొడిమట్టితో పూడ్చి, దానిమీద పరవండి.

నీళ్లు పడే పాదులో ఒకచోట ఆకును చేత్తో పక్కకు జరిపి చూడండి. పైపొర పెళపెళలాడుతుంది. రెండో పొర మెత్తబడి, ఈనెలు మాత్రమే మిగిలి ఉంటుంది. దాని కింద తెల్లని బూజు దారాలు, చుట్ట చుట్టుకున్న రోకలిబండలు, నల్లబడిన ఎరువు కనిపిస్తాయి. మీరు తగలబెట్టాలనుకుంటున్నది దీన్నే.

ఇక కలుపు. వయ్యారిభామను పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా పీకేయండి. అది చర్మానికీ ఊపిరికీ పడదు. పిల్లలు ఉత్తకాళ్లతో తిరిగే చోట పల్లేరు కూడా ఉంచొద్దు. గలిజేరు, తుమ్మి, ఉత్తరేణి ఉండనివ్వండి. గంగపావిలాకు పప్పులోకి బాగుంటుంది. గోడవార జిల్లేడు ఉంటే కొట్టేయకండి, కాషాయరంగు రెక్కల సీతాకోకచిలుక దాని ఆకుల మీద గుడ్లు పెడుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడకుండా మాత్రం చూసుకోండి.

ముళ్లపొదలు దేనికీ పనికిరావన్న మాట మన జిల్లాలోనే అబద్ధమని తేలింది. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో లంకమల దగ్గరి ముళ్లపొదల చిట్టడవిలో మళ్లీ దొరికింది. మీ దొడ్డికి కలివికోడి రాదు గానీ పిగిలిపిట్ట, తేనెపిట్ట వస్తాయి. వాటి గూళ్ల కాలం ఇదే, కాబట్టి వానలు పడేదాకా పొదలు నరికించొద్దు.

అత్తమ్మ మాటలోనూ న్యాయముంది. ఇంటి గోడ చుట్టూ రెండు గజాలు, గుమ్మం నుంచి కొళాయి దాకా దారి రోజూ శుభ్రంగా ఊడ్చి ఉంచండి. నడిచే దారి నీటుగా ఉంటే మిగతా పచ్చదనం అడవిలా అనిపించదు.

ప్రశ్న: ఆకూ అలమూ ఉంటే పాములొస్తాయంటారు కదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, జమ్మలమడుగు

జవాబు: పాము వచ్చేది ఎక్కువగా ఎలుకల కోసం, ఎండాకాలంలో నీడ కోసం, తేమ కోసం. పలచగా పరచిన ఆకు కన్నా ఇంటికి ఆనించి పేర్చిన కట్టెలు, పాత ఇటుకలు, గింజలు రాలే కోళ్లగూడు ఎక్కువ ప్రమాదం. వాటిని దూరం జరపండి. చీకట్లో టార్చి లేకుండా పెరట్లోకి వెళ్లొద్దు. ఒకవేళ కాటు పడితే కోయడం, కట్లు బిగించడం, పసరు పోయడం వద్దు. కాలు కదపనీయకుండా వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: కొత్తగా నాటిన నిమ్మ మొక్క లేతాకుల మీద పిట్టరెట్ట లాంటివి కనిపించాయి. మర్నాటికి అవి జరిగాయి! ఆకులన్నీ కొరికేస్తున్నాయి. ఏ మందు కొట్టాలి?
– రైతు, పులివెందుల

జవాబు: అవి నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు. చిన్నప్పుడు గోధుమ, తెలుపు మచ్చలతో అచ్చం రెట్టలాగే ఉంటాయి, అందుకే పిట్టలు వదిలేస్తాయి. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. పుల్లతో తాకి చూడండి, తల వెనుక నుంచి ఎర్రని రెండు కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. కొమ్ములు చూసి భయపడనక్కర్లేదు, అది కుట్టదు.

చీనీ తోటల వాళ్లకు మందు డబ్బా మీదికే చేయి పోతుందని నాకు తెలుసు. ఇంటి మొక్కకు అది అనవసరం. ఎదిగిన చెట్టుకు ఈ పురుగుతో వచ్చే నష్టం ఏమంత లేదు. లేత మొక్కను మాత్రం రెండు మూడు పురుగులే బోడి చేసేస్తాయి. వాటిని ఏరి పెద్ద నిమ్మచెట్టు మీదో, మారేడు మీదో వదలండి, అక్కడా బతుకుతాయి. మరీ ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. గోడకు మట్టిగూళ్లు కట్టే కుమ్మరి పురుగును కూడా కొట్టి పడేయకండి. వాటిలో కొన్ని చిన్న చిన్న ఆకుపురుగులను కుట్టి, కదలకుండా చేసి, తమ పిల్లలకు తిండిగా గూట్లో దాస్తాయి.

ప్రశ్న: మల్లె ఆకులు పసుపు తిరిగాయి. మొగ్గలు కొన్ని ఊదారంగుకు మారి రాలుతున్నాయి.
– గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: రెండూ వేరువేరు జబ్బులు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నల్లనేలలో ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, అరచెక్క నిమ్మరసం కలిపి వారానికోసారి రెండు మూడు మార్లు ఆకుల మీద చల్లండి. పాదులో నీళ్లు నిలవనివ్వకండి. ఊదా మొగ్గల లోపల పురుగుంది, వాటిని కోసి దూరంగా పూడ్చిపెట్టండి. ఈసారి పూత తగ్గిందంటే చలికాలంలో కత్తిరించలేదన్నమాట. డిసెంబరులో నీళ్లు మాన్పించి, మూరెడు ఎత్తుకు కత్తిరిస్తే వచ్చే ఎండలకు విరగబూస్తుంది.

ప్రశ్న: సీతాఫలం పూత రాలిపోతోంది.
– పాఠకుడు, రాజుపాలెం

జవాబు: వడగాలికి రాలడం సహజం. తొలకరి తర్వాత వచ్చే పూత నిలిచి కాయ అవుతుంది. ఇప్పుడు ఎరువులేమీ వేయకండి.

ప్రశ్న: మా పెరట్లో తొండల తలలు ఎర్రగా మారాయి. విషమని పిల్లలు రాళ్లతో కొడుతున్నారు.
– అంగన్‌వాడీ కార్యకర్త, రాజుపాలెం మండలం

జవాబు: తొండకు విషం లేదు. ఇది జతకట్టే కాలం, మగ తొండ తల, గొంతు ఎర్రబారతాయి. తలెగరేస్తూ మిగతా మగవాటిని బెదిరిస్తుంది, ఆడదాన్ని పిలుస్తుంది. ఆడది మెత్తటి మట్టి తవ్వి గుడ్లు పెట్టి పూడ్చేస్తుంది. చీమలు, మిడతలు, పురుగులు తొండ తిండి. పిల్లలను రాళ్లు పక్కన పెట్టించి, చెట్టుకింద కాసేపు కదలకుండా కూర్చోబెట్టండి. ఎరుపు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో వాళ్లే చెబుతారు.

ప్రశ్న: ఇప్పుడు ఏం నాటొచ్చు?
– పలువురు

జవాబు: ఏమీ నాటకండి. గుంతలు మాత్రం తవ్వి ఎండకు వదిలేయండి. పక్షులకు నీళ్ల మూకుడు నీడలో పెట్టి రోజూ నీళ్లు మార్చండి. జూన్‌లో వేపపండ్లు రాలడం మొదలవగానే ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, వెంటనే గుంతల్లో వేయండి. వేపగింజకు మొలిచే శక్తి రెండు మూడు వారాలే ఉంటుంది.