దగ్గుతున్న బండి

మా పక్క ఊళ్ళో ఒక పాత పికప్ బండి ఉంది. డీజిలు బండి. తెల్లవారకముందే టమాటాలు, వంకాయలు వేసుకుని సంతకు పోతుంది. ఒకనాడు అది దగ్గడం మొదలుపెట్టింది. బండి అంతా వణుకుతోంది. తెల్ల పొగ వస్తోంది. మిట్ట వస్తే లాగడం లేదు.

"ఇంజను పోయింది. మొత్తం విప్పాల్సిందే" అన్నాడొకాయన. డ్రైవరన్న ముఖం వాడిపోయింది. బండి మీద అప్పు ఇంకా తీరలేదు మరి.

విప్పేముందు కాస్త ఆలోచిద్దాం.

ఆ ఇంజనులో నాలుగు సిలిండర్లు ఉన్నాయి. అవి వంతులవారీగా పనిచేస్తాయి. ముందు 1, తరువాత 3, ఆ తరువాత 4, చివరకు 2. నలుగురు ఆడవాళ్ళు ఒకే రోట్లో దంచుతున్నట్టు అన్నమాట. ఒకరి రోకలి పడకపోతే ఏమవుతుంది? లయ తప్పుతుంది. దీన్నే మెకానిక్కులు 'మిస్సింగు' అంటారు.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొడితే పంపు అడుగు కాలుతుంది, చూశారు కదా! ఆ వేడిగాలిలోకి నాజిల్ డీజిలును సన్నని తుంపరగా చిమ్ముతుంది. భగ్గున మండుతుంది. తుంపర సరిగా పడకపోతే డీజిలు పూర్తిగా మండదు. తెల్ల పొగగా బయటికి పోతుంది.

మేస్త్రీ వచ్చాడు. ముందు ఇంజను జోలికి పోలేదు. ఫిల్టరు అడుగునున్న మర వదులు చేసి, కారినదాన్ని గాజు గ్లాసులో పట్టాడు. పైన డీజిలు, అడుగున నీళ్ళు! నీళ్ళన్నీ తీసేశాడు. ఫిల్టరు మార్చాడు. బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి, గొట్టంలో చేరిన గాలి తీశాడు. దగ్గు కొంచెం తగ్గింది గానీ పోలేదు.

అప్పుడు ఇంజన్ని స్లోలో ఉంచాడు. నాజిల్ దగ్గర గొట్టం నట్టును కొద్దిగా వదులు చేశాడు, మళ్ళీ బిగించాడు. ఒకసారికి ఒక్కటే. ఒకటో గొట్టం వదిలితే ఇంజను ఇంకా కుంటింది. అంటే ఆ సిలిండరు పనిచేస్తోంది. రెండోదీ అంతే. మూడోది వదిలాడు. శబ్దం మారలేదు! పని దొంగ దొరికాడు.

అయితే తప్పు నాజిల్‌దా, సిలిండరుదా? ఇంజను ఆపి రెండో నాజిల్, మూడో నాజిల్ మార్చి పెట్టాడు. కింద కొత్త రాగి వాషర్లు వేశాడు. ఈసారి రెండో సిలిండరు మొరాయించింది. మూడోది బాగుంది. అంటే జబ్బు నాజిల్‌తోపాటే వెళ్ళింది. ఇంజనుకు ఏమీ కాలేదు! నాకు బండి తోలడం రాదు గానీ, ఈ లెక్క మాత్రం బడిలో లెక్కకన్నా నచ్చింది.

జాగ్రత్త! నాజిల్ చిమ్మే డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. చెయ్యి అడ్డం పెట్టకూడదు. కంప్యూటరు ఉండే కొత్త బండ్లలో ఒత్తిడి ఇంకా చాలా ఎక్కువ. వాటి గొట్టాలు ఇలా వదులు చేయనే కూడదు.

డ్రైవరన్న మా కేంద్రంలో అక్షరాలు నేర్చినవాడే. ఫిల్టరు మార్చిన తేదీ, కిలోమీటర్లు ఇప్పుడు తనే పుస్తకంలో రాసుకుంటున్నాడు. 'ఫిల్టరు'కు వత్తు పెట్టడం మాత్రం మరిచిపోతాడు.

చెప్పండి:
గ్లాసులో నీళ్ళు అడుగుకే ఎందుకు చేరాయి?
నాజిళ్ళు మార్చాక కూడా మూడో సిలిండరే మొరాయిస్తే ఏమని అనుకోవాలి?