చెమట పట్టని మచ్చ

చిరంజీవి అల్లుడికి,

దేవరాపల్లిలో బెల్లం పెనం దగ్గర పనికి కుదిరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వీపంతా పేలిందనీ, గజ్జల్లో తామరకు ఎవరో ఇచ్చిన ట్యూబు రాస్తున్నావనీ కూడా చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

మనిషి చర్మంలో ఇరవై నుంచి నలభై లక్షల చెమట గ్రంథులుంటాయి. లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. కారి నేలపాలైన చెమటతో ఆ మేలు లేదు, ఒంటి మీద ఆరితేనే చలవ. మరుగుతున్న చెరుకు రసం ఆవిరికి కోస్తా ఉక్కపోత తోడైతే, చొక్కా తడిసి ముద్దయినా ఒళ్లు చల్లబడదు. కొత్తగా దిగినవాడికి ఈ వేడి అలవాటు కావడానికి వారం, రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా మధ్యమధ్య పొయ్యికి దూరంగా, గాలి తగిలేచోట కూర్చోవాలి. ఉప్పేసిన మజ్జిగ తాగాలి.

2015 మే వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. ఎండలోగానీ పొయ్యి దగ్గరగానీ మనిషి మాట తడబడినా, తికమకపడినా వడదెబ్బే అనుకోవాలి. చెమట ఆగిపోయిందా, ఇంకా పడుతోందా అని చూస్తూ కూర్చోకూడదు. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసురుతూ, 108కి ఫోన్ చేయాలి.

నీ వీపు మీదివి చెమటకాయలే కావచ్చు. చెమట నాళం మూసుకుపోతే లోపలి చెమట బయటికి రాలేక చర్మంలోనే పొక్కుతుంది. చన్నీళ్ల స్నానం, వదులైన నూలు చొక్కా, కాస్త గాలి ఉంటే చాలావరకు అవే తగ్గుతాయి.

తామర సంగతి వేరు, అది ఫంగస్. ట్యూబు తిప్పి పేరు చదువు. క్లోబెటసాల్ అనో, బీటామెథసోన్ అనో ఉంటే అది స్టెరాయిడ్. రాసిన రెండు రోజులకే దురద, ఎరుపు తగ్గినట్టుంటాయి. ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. మానగానే రెట్టింపై తిరగబెడుతుంది, చర్మం పలచబడి చారలు పడుతుంది.

ఇంకొకటి జాగ్రత్తగా చూసుకో. పనిలో ఒళ్లంతా తడిసినా, పాలిపోయిన మచ్చ ఒక్కటి పొడిగా ఉండిపోతే, దానిమీద దూదితో తాకినా తెలియకపోతే, అది కుష్ఠు కావచ్చు. చర్మంలోని సన్నని నరాలు దెబ్బతినడంతో అక్కడి గ్రంథులకు చెమట పట్టించే కబురు అందదు. సాలూరులోని ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఏళ్ల తరబడి ఈ రోగులనే చూసింది. రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో మందు మింగితే నయమవుతుంది. ఆ మందు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. ఆలస్యం చేస్తేనే వేళ్లు వంకర్లు పోతాయి. నీతో పనిచేసేవాళ్లకూ ఈ మాట చెప్పు. సిగ్గుపడి దాచుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

సోమవారం ఆ ట్యూబు జేబులో వేసుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లు. అక్కడ తేలకపోతే విశాఖ కేజీహెచ్‌లో చర్మవ్యాధుల డాక్టర్లున్నారు. అక్కడికొస్తే, బస్సు దిగేసరికి నేను స్టాండులో ఉంటాను, బయల్దేరేముందు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ మావయ్య